షట్టర్ ఇరుక్కుంది, 8 ఫ్రేములే మిగిలాయి: పాత యాషికాతో వికారాబాద్ నుంచి తాండూరు దాకా

అనంతగిరి గుట్ట మీద డిసెంబర్ ఆదివారం, పొద్దున ఏడున్నర. గుడి కింద కోనేటి దగ్గర ట్రైపాడ్ వేసి, షట్టర్ స్పీడ్ 1/4 సెకనుకు పెట్టి బటన్ నొక్కాను. మామూలుగా అయితే లోపల 'జ్జ్' అని చిన్న చప్పుడు వచ్చి, 'టక్' మని మూసుకోవాలి. ఈసారి 'జ్జ్' సగంలో ఆగిపోయింది. 'టక్' రాలేదు. వంగి లెన్స్‌లోకి చూస్తే షట్టర్ రెక్కలు తెరుచుకునే ఉన్నాయి. దాదాపు రెండు సెకన్ల తర్వాత తీరిగ్గా మూసుకున్నాయి.

ఫోన్ అయితే రీస్టార్ట్ కొట్టేవాణ్ని. దీనికి రీస్టార్ట్ బటన్ లేదు, బ్యాటరీ కూడా లేదు. బ్యాగులో స్పేర్ రోల్ లేదు. ఉన్నదల్లా ఈ రోల్‌లో మిగిలిన 8 ఫ్రేములు. మధ్యాహ్నానికి తాండూరు చేరుకోవాలి. అక్కడ మా నానమ్మ ఇల్లు సోమవారం పొద్దున కూల్చడం మొదలుపెడతారు. బాబాయి కొత్తిల్లు కడుతున్నాడు. ఆ పాత ఇంటి మెట్ల మీద 1979లో ఇదే కెమెరాతో మా తాత ఒక ఫ్యామిలీ ఫొటో తీశాడు. అదే మెట్లు, అదే కెమెరా, ఇప్పుడున్న మనుషులతో ఇంకో ఫొటో తీయాలన్నది నా ప్లాన్. రేపటికి మెట్లు ఉండవు.

ఆ రోజు ఏం చేశానో, ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. మీ ఇంట్లో కూడా బీరువా పైన ఇలాంటి కెమెరా ఒకటి ఉండొచ్చు. బయటికి తీసుకెళ్లే ముందు ఇది చదవండి.

ముందు కెమెరా సంగతి

ఇది యాషికా-డి. 1958లో వచ్చిన జపాన్ మోడల్. ముందు వైపు ఒకదాని కింద ఒకటి రెండు లెన్స్‌లు ఉంటాయి. పై లెన్స్ మనం చూడటానికి, కింది లెన్స్ ఫొటో తీయడానికి. నడుము దగ్గర పట్టుకుని, పైనుంచి గాజు తెర మీదకి చూస్తూ ఫోకస్ చేయాలి. తెర మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది, అలవాటయ్యేదాకా చిరాకే. లెన్స్ 80 ఎంఎం, ఎఫ్/3.5. షట్టర్ 1 సెకను నుంచి 1/500 దాకా, దాంతోపాటు 'బి' మోడ్. లైట్ మీటర్ లేదు.

ఇందులో 120 ఫిల్మ్ వేస్తాం. కోడాక్ 1901లో తెచ్చిన ఈ సైజు ఇప్పటికీ తయారవుతోంది. ఒక్కో నెగటివ్ 56 x 56 మిల్లీమీటర్లు, రోల్‌కి 12 ఫొటోలు. పోలిక కావాలంటే, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కి ఇది మూడున్నర రెట్లు పైనే. ఫోన్లలో పెద్దదిగా చెప్పుకునే 1 అంగుళం సెన్సర్‌తో పోలిస్తే దాదాపు 27 రెట్లు. మీడియం ఫార్మాట్ అంటే జనాలు ఎందుకు పడిచస్తారో ఈ లెక్కలోనే ఉంది. నేను వేసింది ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, 400 ఐఎస్‌ఓ బ్లాక్ అండ్ వైట్.

ఇంకో ముఖ్యమైన విషయం. యాషికా-డిలో ఫిల్మ్ తిప్పడం వేరు, షట్టర్ బిగించడం వేరు. కుడివైపు నాబ్‌తో ఫిల్మ్ జరుగుతుంది. లెన్స్ పక్కన ఉన్న చిన్న లీవర్‌ని నొక్కితే షట్టర్ బిగుసుకుంటుంది. అంటే ఫిల్మ్ జరపకుండా ఒకే ఫ్రేమ్ మీద ఎన్నిసార్లైనా షట్టర్ కొట్టొచ్చు. మామూలుగా ఇది మైనస్ పాయింట్, మర్చిపోతే ఫొటో మీద ఫొటో పడుతుంది. ఆ రోజు మాత్రం ఇదే నన్ను కాపాడింది.

రూల్ నంబర్ 1: కంగారులో ఫిల్మ్ తిప్పొద్దు

షట్టర్ తేడా కొట్టగానే చెయ్యి దానంతటదే నాబ్ మీదకి పోతుంది. ఆగండి. నాలుగో ఫ్రేమ్ ఎలాగూ పోయింది, దాన్నే టెస్టింగ్‌కి వాడుకోవచ్చు. తిప్పేశారంటే ఐదోది కూడా టెస్టింగ్‌కే పోతుంది.

రెండోది, దేన్నీ బలవంతంగా తిప్పొద్దు. పాత కెమెరాల్లో 'జామ్ అయింది' అనుకునేవాటిలో కొన్ని అసలు జామ్‌లే కావు. ఉదాహరణకి ఈ కెమెరాలో నాబ్ మధ్యలో చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి, నాబ్‌ని కొంచెం తిప్పి, వదిలేసి, మళ్లీ ఆగేదాకా తిప్పాలి. బటన్ నొక్కకుండా బలం పెడితే లోపలి పన్ను విరుగుతుంది. తిరగకపోతే ముందు బటన్ చూడండి, తర్వాత మీ కండలు.

మూడోది, ఫిల్మ్ లోపలుండగా వెనక తలుపు తీయొద్దు. నాకు కూడా 'ఒక్కసారి తెరిచి చూద్దామా' అనిపించింది. తెరిస్తే ఆ రోల్ కథ అక్కడితో అయిపోయేది.

ఫోనే టెస్టింగ్ మెషిన్

షట్టర్ మొత్తం పాడైందా, కొన్ని స్పీడ్‌లే పాడయ్యాయా? తెలుసుకోవాల్సింది ఇదే. జేబులో ఉన్న ఫోన్‌తోనే కొలిచాను.

ఎఫ్/3.5 పెట్టి లెన్స్ పూర్తిగా తెరిచాను. ఫోన్‌ని కింది లెన్స్‌కి ఎదురుగా పెట్టి, టార్చ్ వేసి, 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో రికార్డ్ చేశాను. టార్చ్ వెలుగులో షట్టర్ రెక్కలు మెరుస్తాయి, తెరుచుకోగానే నల్లటి రంధ్రం కనిపిస్తుంది. తర్వాత వీడియోని ఫ్రేమ్ బై ఫ్రేమ్ జరుపుతూ, ఎన్ని ఫ్రేముల్లో రంధ్రం తెరిచి ఉందో లెక్కపెట్టాలి. సెకనుకి 240 ఫ్రేములు కాబట్టి 1/60 అంటే 4 ఫ్రేములు రావాలి, 1/30 అంటే 8.

నాకు వచ్చిన లెక్క ఇది:

1/250: రావాల్సింది 1, వచ్చింది 1
1/125: రావాల్సింది 2, వచ్చింది 2
1/60: రావాల్సింది 4, వచ్చింది 4
1/30: రావాల్సింది 8, వచ్చింది 9
1/15: రావాల్సింది 16, వచ్చింది 29
1/8: రావాల్సింది 30, వచ్చింది 90 పైనే
1/4: రావాల్సింది 60, వచ్చింది 500 దగ్గర
బి: నొక్కినంతసేపు తెరిచే ఉంది, వదలగానే వెంటనే మూసుకుంది

1/250 దగ్గర ఈ పద్ధతి మోటుదే, ఒక్క ఫ్రేమ్ తేడా వచ్చినా లెక్క రెట్టింపు అవుతుంది. కానీ బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ ఫిల్మ్‌కి ఓపిక ఎక్కువ, కొంచెం ఎక్కువ వెలుతురు పడినా తట్టుకుంటుంది. ఇంకో జాగ్రత్త: కొన్ని ఫోన్లలో 960 ఎఫ్‌పీఎస్ అని చూపించేది సాఫ్ట్‌వేర్ మధ్యలో ఫ్రేములు కల్పించి చేసేది. కొలతకి అది పనికిరాదు, అసలైన 240 చాలు.

ఎందుకిలా అయింది?

ఈ రకం షట్టర్‌లో వేగమైన స్పీడ్‌లకి స్ప్రింగ్ బలమే దాదాపు సరిపోతుంది. స్లో స్పీడ్‌లకి మాత్రం చిన్న గేర్ల వరస ఒకటి అడ్డుపడి, రెక్కలు మూసుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. మనకి వినిపించే 'జ్జ్' ఆ గేర్ల చప్పుడే. దశాబ్దాల కిందట వేసిన నూనె ఎండి జిగురులా మారితే ముందు ఇబ్బంది పడేది ఆ గేర్లే. గుట్ట మీద డిసెంబర్ చలికి ఆ జిగురు ఇంకా గట్టిపడింది. బి మోడ్‌లో ఆ గేర్ల పనే లేదు, అందుకే అది బాగుంది.

ఇందులో కెమెరా తప్పేం లేదు. ఇన్నేళ్లు బీరువాలో పెట్టి సర్వీసింగ్ చేయించనిది మేమే. బయలుదేరే ముందు ఇంట్లో టెస్ట్ చేశాను కూడా. కానీ 1/60, 1/125 మాత్రమే కొట్టి చూసి 'సూపర్ కండిషన్' అనుకున్నాను. స్లో స్పీడ్‌లు చూడనే లేదు.

మిషన్ నూనె వద్దన్నా

గుట్ట దిగి టీ తాగుతుంటే, నేను కెమెరాతో తంటాలు పడటం చూసి పక్కనున్నాయన దగ్గరికొచ్చాడు. "తమ్మీ, రెండు సుక్కలు కుట్టు మిషన్ నూనె ఏస్కో, సెట్ అయితది" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. సైకిల్‌కి, తలుపు బందులకి పనిచేసే చిట్కా ఇది. షట్టర్‌కి మాత్రం విషం. షట్టర్ రెక్కలు కాగితంలా పలచగా, ఒకదాని మీద ఒకటి ఆనుకుని, పూర్తిగా పొడిగా ఉండాలి. నూనె చుక్క పడితే రెక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు నాకున్న 1/125 కూడా పోయేది. తుప్పు వదిలించే స్ప్రేలు, శానిటైజర్ కూడా అంతే, దగ్గరికి రానివ్వొద్దు.

మరి నేనేం చేశాను? కెమెరాని జాకెట్ లోపల పెట్టుకుని వెచ్చబెట్టాను. వికారాబాద్ జంక్షన్‌లో తాండూరు వైపు రైలెక్కాక, లెన్స్ మూత పెట్టి ఉంచి, 1/125 దగ్గర షట్టర్ బిగించడం, కొట్టడం, మళ్లీ బిగించడం. అలా ఓ నలభైసార్లు. మూత ఉంది కాబట్టి ఫిల్మ్ మీద వెలుతురు పడదు, నాబ్ తిప్పడం లేదు కాబట్టి ఫ్రేమ్ ఖర్చవదు. ఎదురు సీటు ఆమె 'ఈ పిల్లగానికి ఏమైంది' అన్నట్టు చూస్తూనే ఉంది.

దూరం సుమారు 40 కిలోమీటర్లు. నిజాం కాలంలో 1874లో మొదలైన వాడి లైన్ ఇది. కిటికీ బయట కంది చేలు కోతకొచ్చి ఉన్నాయి. 2022లో జీఐ ట్యాగ్ వచ్చిన తాండూరు కంది అదే. ఫొటో తీయాలనిపించింది, 8 ఫ్రేములు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తాండూరులో దిగి మళ్లీ కొలిచాను. 1/15 కొంచెం మెరుగైంది. 1/8, 1/4 మారలేదు. వెచ్చబెట్టడం, ఆడించడం తాత్కాలిక ఉపశమనమే, రిపేర్ కాదు. ఇక నిర్ణయం తీసుకున్నాను: బయట 1/60 కంటే తక్కువ వాడను. లోపల బి మోడ్ మాత్రమే.

మెట్ల మీద ఫొటో

నానమ్మ ఇల్లు మొత్తం తాండూరు బండలే. మెట్లు, అరుగు, లోపల నేల అన్నీ. ఈ ఊరి చుట్టూ ఉన్న సున్నపురాయి గనుల నుంచి వచ్చే నాపరాళ్లు. ఏళ్ల తరబడి కాళ్లు పడి, మెట్ల మధ్యలో నున్నగా అరిగిపోయాయి.

నాలుగు గంటలకి మెట్లు పూర్తిగా నీడలో ఉన్నాయి, పైన ఆకాశం తేటగా ఉంది. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ 1/125, ఎఫ్/8 చూపించింది. యాప్‌ని గుడ్డిగా నమ్మకుండా 'సన్నీ 16' లెక్క కూడా వేశాను. నిండు ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టర్ స్పీడ్‌ని ఐఎస్‌ఓకి దగ్గరగా, అంటే 400కి 1/500 పెట్టాలి. బహిరంగ నీడలో నాలుగు స్టాప్‌లు తెరవాలి. రెండు లెక్కలూ ఒకే చోటికి వచ్చాయి. అదృష్టం కొద్దీ అది నా షట్టర్ బాగా పనిచేసే స్పీడే.

పదకొండు మంది కూర్చున్నారు. ఐదు, ఆరు, ఏడు ఫ్రేములు అయిపోయాయి. అప్పుడు నానమ్మ అంది: "నువ్వు గూడ కూసో బిడ్డా. మీ తాత గిట్లనే. అందరినీ తీసిండు, ఆయన మాత్రం యాడ లేడు."

1979 ఫొటోలో తాత లేడు. ఆ విషయం నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఈ కెమెరాలో సెల్ఫ్ టైమర్ ఉంది, లీవర్‌ని 'వి' గుర్తు దగ్గరికి జరిపితే చాలు. కానీ పాత షట్టర్లలో ముట్టుకోకూడనిది అదే. అది కూడా గేర్ల వరసతోనే నడుస్తుంది. మధ్యలో ఆగితే షట్టర్ మొత్తం బిగుసుకుపోవచ్చు. పొద్దున కోనేటి దగ్గర జరిగింది గుర్తుంది కాబట్టి ముట్టుకోలేదు. పక్కింటి పాపని పిలిచాను. ఫోకస్, ఎఫ్/8, 1/125 అన్నీ సెట్ చేసి, షట్టర్ బిగించి, "ఈ బటన్ మెల్లగా నొక్కు, ఒక్కసారే" అని చెప్పి వెళ్లి కూర్చున్నాను. 'టక్'. ఎనిమిదో ఫ్రేమ్. అందులో పన్నెండు మందిమి.

చీకటి వంటింట్లో బి మోడ్

తొమ్మిదోది తలుపు చెక్కడానికి పోయింది. మిగిలిన మూడూ వంటింటికి. ఒక్క చిన్న కిటికీ, మసి పట్టిన గోడలు. ఎఫ్/5.6కి యాప్ 2 సెకన్లు అంది. ఒక సెకను దాటితే ఫిల్మ్ కొంచెం మందగిస్తుంది, కాబట్టి సమయం పెంచాలి. హెచ్‌పీ5కి 2 సెకన్లు చూపిస్తే సుమారు రెండున్నర, 4 చూపిస్తే దాదాపు 6 ఇవ్వాలి.

బి మోడ్‌లో వేలు నొక్కి పట్టుకుంటే కెమెరా కదులుతుంది. దానికి పాత చిట్కా ఒకటుంది. నల్ల అట్ట ఉన్న డైరీని లెన్స్‌కి ముందు, తగలకుండా అడ్డం పెట్టాలి. షట్టర్ తెరవాలి. వణుకు ఆగాక డైరీ పక్కకి తీసి, లెక్కపెట్టుకుని, మళ్లీ అడ్డం పెట్టి, అప్పుడు వేలు వదలాలి. షట్టర్లు లేని తొలి రోజుల్లో గాజు పలకల కెమెరాలతో ఫొటోగ్రాఫర్లు లెన్స్ మూత తీసి పెట్టింది ఇలాగే. స్టాప్‌వాచ్ మాత్రం నేను ఫోన్‌లో పెట్టుకున్నాను.

పదకొండో ఫ్రేమ్‌లో నానమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. కదలొద్దని చెప్పాను. రెండున్నర సెకన్లు ఆమెకి చాలా ఎక్కువ. "అయ్యిందా?" అంటూ మధ్యలోనే తల తిప్పింది.

రిజల్ట్ ఏంటి?

ఫిల్మ్ డెవలప్ చేయించాక చూస్తే 12లో 10 పనికొచ్చేవే. నాలుగోది టార్చ్ వెలుగుకి పూర్తిగా నల్లబడింది, అది ఊహించిందే. మూడోది గుడి మెట్లు, తెలియక 1/15లో తీశాను. కొలత ప్రకారం దాని మీద రెట్టింపు వెలుతురు పడింది, అయినా ప్రింట్‌లో బాగానే వచ్చింది. ఐదోదాంట్లో బాబాయి కళ్లు మూసుకున్నాడు, అది షట్టర్ తప్పు కాదు. ఎనిమిదోది, పాప నొక్కింది, అన్నింటికన్నా షార్ప్‌గా వచ్చింది.

పదకొండోదాంట్లో గోడ మసి, గిన్నెలు, నేల బండల మధ్య అతుకులు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. నానమ్మ ముఖం మాత్రం రెండుగా, పొగలా వచ్చింది. టెక్నికల్‌గా ఫెయిల్ అని ఆ ఫ్రేమ్‌ని పక్కన పెట్టాను. నానమ్మ ఆ ప్రింటే ఏరుకుంది. "గీ బండ మీదనే నేను రొట్టెలు చేస్తుంటి" అని నేలలో ఒక మూల వేలు పెట్టి చూపించింది. అదే రోజు ఫోన్‌తో నలభై ఫొటోలు తీశాను, వాటిలో వంటింటి నేల ఒక్కదాంట్లోనూ లేదు.

మీరు బయలుదేరే ముందు

1. ఖాళీ కెమెరాతో అన్ని స్పీడ్‌లూ 240 ఎఫ్‌పీఎస్‌లో కొలవండి, 1 సెకను నుంచి మొదలుపెట్టి. ఏ స్పీడ్‌లు నమ్మొచ్చో చీటీ రాసి కెమెరా కేసులో పెట్టుకోండి.
2. చీకటి గదిలో వెనక తలుపు మూసి, లోపల చిన్న టార్చ్ పెట్టి అంచుల్లో వెలుతురు కారుతుందేమో చూడండి. కారితే నల్ల ఇన్సులేషన్ టేప్ వేయండి, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది.
3. రోల్‌ని నీడలో మార్చండి. స్పూల్‌కి చుట్టేటప్పుడు బొటనవేలితో కొంచెం ఒత్తి పట్టండి. వదులుగా చుట్టుకుంటే అంచుల నుంచి వెలుతురు దూరుతుంది.
4. ఫిల్మ్ కాగితం మీదున్న బాణాన్ని కెమెరాలోని గుర్తులకి ఎదురుగా పెట్టాకే తలుపు మూయండి. లేకపోతే ఫ్రేముల లెక్క తప్పుతుంది.
5. సెల్ఫ్ టైమర్ ముట్టుకోవద్దు. నూనె వేయొద్దు.
6. స్పేర్ రోల్ ఒకటి పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఇలాంటి కెమెరా కొనొచ్చా?

ఇంట్లో ఉంటే ముందు సర్వీసింగ్ చేయించండి. విప్పి, పాత నూనె కడిగి, గేర్లకి మాత్రమే సన్నగా నూనె పెట్టగలిగే మెకానిక్ దగ్గరికే వెళ్లండి. కొనాలనుకుంటే అమ్మేవాళ్లని 1 సెకను, 1/4, 1/15 స్పీడ్‌ల స్లో మోషన్ వీడియో అడగండి. పంపకపోతే వదిలేయండి. లెన్స్‌లోకి టార్చ్ వేసి సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో కూడా చూడండి.

మా యాషికా ఇప్పుడు సర్వీసింగ్‌లో ఉంది. వచ్చాక మొదటి రోల్ తాండూరులోనే, కొత్తింటి పునాది దగ్గర. పాత మెట్ల బండలు రెండు బాబాయి పక్కన తీసి పెట్టాడు. కొత్త ఇంటి గడపకి వేస్తారట.